ఆకాశం నుంచి రాలిన జెండా, నెత్తుటిలో తడిసిన జెండా

డెన్మార్క్ జెండా, ఆస్ట్రియా జెండా రెండూ ఎరుపు తెలుపులే. రెండూ యుద్ధభూమిలోనే పుట్టాయంటారు, కానీ కథల్లో చాలా తేడా ఉంది.

1219 జూన్ 15న, ఇప్పటి ఎస్టోనియాలోని టాలిన్ దగ్గర డెన్మార్క్ రాజు రెండో వాల్డెమార్ సేన ఓటమి అంచున ఉండగా, తెల్ల శిలువ ఉన్న ఎర్ర జెండా ఆకాశం నుంచి రాలిందట. ఆస్ట్రియా కథలో ఇలాంటి మహిమేమీ లేదు. క్రూసేడులనే మత యుద్ధాల కాలంలో, 1191లో, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని ఏకర్ నగరం ముట్టడిలో ఆస్ట్రియా పాలకుడు డ్యూక్ ఐదో లియోపోల్డ్ తెల్ల అంగీ అంతా నెత్తురైందట. నడుం పట్టీ విప్పితే దాని కిందున్నంత మేర తెల్లగా మిగిలిందట. ఎరుపు మధ్య ఆ తెల్ల అడ్డపట్టీయే జెండా అయిందట.

రెండూ తర్వాత అల్లుకున్న కథలే. డెన్మార్క్ కథ రాతలో కనిపించేది 16వ శతాబ్దంలో. ఆ జెండా బొమ్మ మాత్రం 14వ శతాబ్దపు గెల్రె చిహ్నాల పుస్తకంలోనే ఉంది. ఆస్ట్రియాది ఇంకా పాత ఆధారం: 1230 నాటి డ్యూక్ రెండో ఫ్రెడరిక్ ముద్ర మీద ఈ అడ్డపట్టీల డాలు కనిపిస్తుంది.

ఆధారం చూస్తే ఆస్ట్రియాదే పైచేయి. అయినా నా మనసు డెన్మార్క్ వైపే. అక్కడ పుట్టినరోజు కేకు మీద కూడా చిన్న చిన్న కాగితం జెండాలు గుచ్చుతారు. ఎనిమిది వందల ఏళ్ల నాటి యుద్ధ కథ ఉన్న జెండా, పిల్లల చేతుల్లో పండగ జెండా అయింది.