నెల మధ్యలో నలుగురు చేరితే: స్ట్రైప్ బిల్లింగ్ ఏడాది వాడాక

మా సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో యూజర్‌కి ఇంత అని నెలనెలా చందా. బిల్లులు, వాటి గురించి వచ్చే ఫోన్లు రెండూ నేనే చూస్తాను. ఏడాదిగా ఆ బిల్లులు వేస్తున్నది స్ట్రైప్ బిల్లింగ్ అనే ఆన్‌లైన్ సర్వీసు. మొదటి బిల్లు వేయడం ఏ సిస్టమ్‌కైనా వచ్చు. పది మంది ఉన్న కస్టమర్ ఇరవై రోజులు గడిచాక ఇంకో నలుగురిని చేర్చినప్పుడు తెలుస్తుంది దాని సత్తా.

యూజర్‌కి నెలకు 300 అనుకోండి. 30 రోజుల్లో 10 మిగిలాయి కాబట్టి ఆ నలుగురికి 400. మేం ఇంతకుముందు వాడిన సిస్టమ్ ఈ 400 అప్పుడే అడగకుండా వచ్చే నెల బిల్లులో కలిపేసేది. 14 మందికి 4,200 అనుకున్నవాళ్లకి 4,600 వచ్చేది. ఒకావిడ ఫోన్ చేసి, "మేం చేర్చింది నలుగురినే కదండీ, ఈ 400 ఎవరిది?" అని అడిగారు. క్యాలెండర్ ముందు పెట్టుకుని అరగంట రోజులు లెక్కపెట్టి చెప్పాను. లెక్క సరైనదే, అయినా ఆవిడ గొంతులో అనుమానం పోలేదు. నాకది చాలా రోజులు గుచ్చుకుంది.

స్ట్రైప్‌కి మారేవాళ్లకి ముందే చెప్తున్నా, సెట్టింగ్ ముట్టుకోకపోతే ఇది కూడా మామూలుగా ఆ తేడాని వచ్చే ఇన్వాయిస్‌కే నెడుతుంది. మేం 'ఆల్వేస్ ఇన్వాయిస్' పెట్టాం, చేర్చిన రోజే బిల్లు వెళ్తుంది. అందులో రెండు లైన్లుంటాయి: పాత పది మంది వాడని రోజులకి 1,000 వెనక్కి, కొత్త పద్నాలుగు మంది మిగిలిన రోజులకి 1,400. మొదట చుట్టుదారిలా అనిపించింది. కానీ అదే రోజు యూజర్‌కి 450 ప్లాన్‌కి కూడా మారితే? 1,000 వెనక్కి, 2,100 కొత్తది, కట్టాల్సింది 1,100. రెండు మార్పులకీ ఒకే లెక్క, విడిగా ఫార్ములా రాసుకునే పని లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ప్రివ్యూ. మార్పు చేయకముందే ఇన్వాయిస్ ఎలా ఉంటుందో అడిగి తెచ్చుకోవచ్చు. మా పేజీలో 'యూజర్లని చేర్చు' బటన్ పైనే ఇప్పుడు కట్టాల్సింది, వచ్చే నెల నుంచి కట్టాల్సింది అని రెండు అంకెలు చూపిస్తున్నాం. ఒక జాగ్రత్త: లెక్క సెకన్ల దాకా వెళ్తుంది. పేజీ తెరిచి గంట తర్వాత బటన్ నొక్కితే చూపించిన అంకెకీ పట్టుకున్న అంకెకీ చిల్లర తేడా వస్తుంది. ఇలా మిగిలిన రోజుల వంతున లెక్కకట్టడాన్ని ప్రోరేషన్ అంటారు; ప్రివ్యూకి వాడిన సమయాన్నే ప్రోరేషన్ డేట్‌గా మళ్లీ పంపితే రెండూ సరిపోతాయి. చిల్లరే కదా అని వదిలేయకండి, నమ్మకం పోయేది అక్కడే.

ఇంకోటి, పాత బిల్లు ఇంకా కట్టని కస్టమర్‌కి కూడా స్ట్రైప్ వాడని రోజుల క్రెడిట్ ఇస్తుంది, కట్టేస్తారన్న లెక్కన. బాకీ ఉంటే ప్లాన్ మార్చకుండా మేమే ఆపుతున్నాం.

యూజర్లని తీసేసినప్పుడు మాత్రం మా బుర్రలు బాగా వేడెక్కాయి. యూజర్ల సంఖ్య తగ్గితే ప్రోరేషన్ వద్దని సెట్టింగ్‌లో 'నన్' (none) పెట్టాం, వచ్చే నెల నుంచి బిల్లు తగ్గుతుంది, చాలనుకున్నాం. కానీ ఒకరు మానేసి, మర్నాడు వాళ్ల స్థానంలో ఇంకొకరు చేరితే? పాతవాళ్లకి క్రెడిట్ లేదు, కొత్తవాళ్లకి ఛార్జ్ పడుతుంది. ఒకే సీటుకి రెండుసార్లు డబ్బు! టెస్ట్‌లోనే దొరికింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఖాళీ అయిన సీటు ఆ నెలాఖరు దాకా కస్టమర్‌దే, సంఖ్య తగ్గించేది కొత్త నెల మొదలయ్యేటప్పుడే. ఇది సెట్టింగ్‌తో అయ్యే పని కాదు, కోడ్ మేమే రాసుకున్నాం. మీరూ రాసుకోవాల్సి వస్తుంది, రెండు వారాలు పక్కన పెట్టుకోండి.

ఆ 400 గురించి అడిగినావిడ దగ్గర పోయిన నెల ఒకరు మానేశారు, నాలుగు రోజులకి ఇంకొకరు చేరారు. ఆవిడ బిల్లు నేనే తెరిచి చూశాను. పద్నాలుగు మంది, 4,200, ఒక్కటే లైను.