గమ్యం యాప్: నిమిషాలను కాదు, బస్సు గుర్తును నమ్మండి

2023లో తెలంగాణ ఆర్టీసీ తెచ్చిన గమ్యం యాప్ ఆలోచన మంచిదే. బస్సులోని జీపీఎస్ పంపే చోటును మ్యాపులో చూపిస్తుంది. ఊళ్లకు వెళ్లే సర్వీసులకు బాగానే పనికొస్తుంది.

తంటా అంతా హైదరాబాద్ సిటీ బస్సులతోనే. పటాన్‌చెరు–కోఠి 218నే తీసుకోండి. స్క్రీన్ మీది "5 నిమిషాలు" ఉత్త అంచనా. కూకట్‌పల్లిలోనో అమీర్‌పేటలోనో బండి ఇరుక్కుంటే ఆ 5 కాస్తా 15 అవుతుంది. జీపీఎస్ పరికరం పాడైతే బస్సు అసలు కనబడదు, ఎదురుగా వచ్చి ఆగినా సరే! డిపోలో ట్రిప్పు రద్దై, ఆ సంగతి సిస్టమ్‌లోకి ఎక్కకపోతే లేని బస్సు కోసం స్టాపులో పడిగాపులే.

కాబట్టి నిమిషాలు వదిలేసి బస్సు గుర్తు చూడండి. అర నిమిషం ఆగి మళ్లీ రిఫ్రెష్ చేయండి. రెండు మూడుసార్లు చేసినా కదలకపోతే అది ట్రాఫిక్‌లోనైనా ఉండాలి, జీపీఎస్ సిగ్నలైనా పోయి ఉండాలి. ఏదేమైనా, ఆ దారిలో వెళ్లే వేరే నంబరు ఎక్కేయడమే మేలు. బస్సు ఏ వైపు వెళ్తోందో కూడా చూసుకోండి, కోఠికి వెళ్లాల్సినవాళ్లు పటాన్‌చెరు బండిని లెక్కేసుకోవడం మామూలే.

ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే చోటుందో లేదో మాత్రం మ్యాపులో చుక్క చెప్పదు.