నెక్సాన్ ఈవీకి కొత్త టైర్లు: డెల్టా రోడ్లకు 16 అంగుళాలే సరి

టాటా నెక్సాన్ ఈవీకి కంపెనీ సైజు 215/60 ఆర్16: అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 16 అంగుళాలు. టైర్లు అరిగి షాపుకి వెళ్ళగానే రెండు సలహాలు వినిపిస్తాయి. "ఎలాగూ మారుస్తున్నారు కదండీ, 17 అంగుళాల అల్లాయ్‌లు వేయించెయ్యండి, బండి లుక్కే మారిపోద్ది" అన్నది ఒకటి. "ఉన్న రిమ్ముకే పది మిల్లీమీటర్లు వెడల్పుది ఎక్కిద్దామండి, గ్రిప్పు బాగుంటది" అన్నది ఇంకోటి. భీమవరం, నరసాపురం, అమలాపురం చుట్టూ తిరిగే బండికి రెండూ వద్దన్నదే మా మాట. ఆ డబ్బు మంచి టైరు మీద పెట్టండి.

లెక్క చూద్దాం. 215/60 ఆర్16లో రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు గోడ ఎత్తు 129 మిల్లీమీటర్లు, టైరు మొత్తం ఎత్తు 664. దానికి బదులుగా షాపులో చూపించే 215/55 ఆర్17 ఎత్తు 668. తేడా ఒక శాతం కూడా లేదు కాబట్టి స్పీడోమీటరుకి ఇబ్బంది రాదు. నష్టమంతా గోడ దగ్గరే: అది 118కి తగ్గుతుంది. 18 అంగుళాల 215/50 అయితే 107కి.

ఈ పదకొండు మిల్లీమీటర్లు హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద విషయం కాకపోవచ్చు. ఇక్కడ నేల వేరు. డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది, పైనున్న తారు దాంతో పాటే కుంగుతుంది. కాలువ గట్టు రోడ్ల మీద తారు అంచు మట్టికంటే బెత్తెడు ఎత్తున నిలబడి ఉంటుంది. ఎదురుగా చేపల లారీయో ధాన్యం ట్రాక్టరో వస్తే ఎడమ చక్రాలు కిందకి దింపక తప్పదు. మళ్ళీ ఎక్కేటప్పుడు ఆ అంచు సరిగ్గా టైరు పక్క గోడకి తగులుతుంది. గోడ పొట్టిదైతే అంచుకీ రిమ్ముకీ మధ్య రబ్బరు నలిగి, లోపలి దారాలు తెగి, రెండు మూడు రోజుల్లో పక్కన ఉబ్బు కనిపిస్తుంది. ఉబ్బిన టైరుకి రిపేరు లేదు, మార్చాల్సిందే. సఖినేటిపల్లి రేవులో బండ్లని గోదావరి దాటించే పంటు ఎక్కే ర్యాంపు దగ్గర కూడా ఇదే దెబ్బ. పైగా ఈవీలో బ్యాటరీ వల్ల పెట్రోలు నెక్సాన్ కంటే వంద కిలోలకు పైగా బరువు ఎక్కువ, కాబట్టి అదే గుంతలో దెబ్బా గట్టిగా పడుతుంది.

ఇక వెడల్పు టైరు సంగతి. 225/60 ఆర్16 ఎత్తు 676, అంటే 1.8 శాతం ఎక్కువ. మీటరు 100 చూపిస్తుంటే బండి దాదాపు 102లో వెళుతూ ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునే అవకాశం ఉంది. రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడు వెడల్పు టైరు ఇంకా ముందే నీటిమీద తేలుతుంది, వానాకాలంలో మనకి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. రేంజి, అంటే ఒక్క ఛార్జికి వెళ్ళే దూరం, కూడా కొంత తగ్గుతుంది. టియాగో ఈవీ వాళ్ళకీ ఇదే మాట: 175/65 ఆర్14 బదులు 185/65 వేస్తే ఎత్తు 2.2 శాతం పెరుగుతుంది, పనికొచ్చే లాభం ఏమీ ఉండదు.

కాకినాడ నుంచి విశాఖ, విజయవాడలకే ఎక్కువ తిరుగుతూ, 17 అంగుళాలే కావాలనుకునేవారు లోడ్ నంబరు చూడకుండా కొనకండి. 215/60 ఆర్16 మీద సాధారణంగా 95 ఉంటుంది, అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది. 215/55 ఆర్17లో మామూలు రకం 94, అంటే 670. ఎక్స్‌ఎల్ రకం, అంటే ఎక్కువ బరువు మోసేలా చేసినది, 98, అంటే 750. ఎక్స్‌ఎల్ అయినా గాలి ఎక్కువ పెడితేనే ఆ బరువు మోస్తుంది. రిమ్ము బోల్టు కొలత, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికో బయటికో కూర్చుంటుందన్న కొలత), మధ్య రంధ్రం పాత రిమ్ముతో సరిపోవాలి. రంధ్రం పెద్దదైతే, ఆ ఖాళీని నింపే హబ్ రింగులు వేయకపోతే 80 దాటాక స్టీరింగు వణుకుతుంది.

రకం విషయానికొస్తే, అపోలో యాంపీరియన్, సియట్ ఎనర్జీడ్రైవ్ లాంటివి ఈవీల కోసమే చేసినవి. తక్కువ శక్తితో దొర్లడం, ఇంజను మోత లేని కారులో టైరు మోత వినపడకుండా చూడడం వాటి పని. రోజూ దూరం పోయి దారిలో ఛార్జింగు పెట్టేవారికి ఆ అదనపు ఖర్చు సార్థకం. రాత్రికి ఇంట్లో ఛార్జింగు పెట్టి రోజుకి నలభై, యాభై కిలోమీటర్లు తిరిగేవారు మాత్రం తడి రోడ్డు మీద పట్టుకే మొదటి ఓటు వెయ్యాలి. దమ్ము చేసిన ట్రాక్టరు చక్రాల బురద, ఆక్వా బండ్ల నుంచి కారిన నీళ్ళు ఉన్న రోడ్డు మీద మోటారు ఒక్కసారిగా లాగితే ముందు చక్రాలు జారిపోతాయి. లాగేదీ, రీజెన్‌తో (వేగం తగ్గేటప్పుడు మోటారే బ్యాటరీని ఛార్జి చేస్తూ ఆపడం) ఆపేదీ ఆ రెండే కాబట్టి అవే ముందు అరుగుతాయి. 8,000 కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి.

కొత్త టైర్లు వేశాక రేంజి పడిపోయిందని చాలామంది షాపుకి తిరిగి వెళుతుంటారు. అందులో కొంత మీటరు లెక్కే. అరిగిన టైరుకంటే కొత్తది 12 మిల్లీమీటర్ల దాకా ఎత్తు ఉంటుంది, అదే దూరానికి తక్కువసార్లు తిరుగుతుంది, మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. మందమైన కొత్త ట్రెడ్ దొర్లడానికి కాస్త ఎక్కువ కరెంటు తినడమూ నిజమే, అరిగేకొద్దీ అది తగ్గుతుంది.

కొనేటప్పుడు పక్క గోడ మీదుండే తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 1025 అంటే 2025లో పదో వారం తయారీ. ఏడాది దాటిందైతే వేరేది అడగండి.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది జాకీ. నేల కింద బ్యాటరీ ఉంది. సైడు అంచున కంపెనీ గుర్తుపెట్టిన చోటే, రబ్బరు ప్యాడు పెట్టి లేపమనండి. మధ్యలో జాకీ పెడితే బ్యాటరీ పెట్టె నొక్కుకుపోతుంది, ఆ ఖర్చు టైర్లకంటే ఎన్నో రెట్లు. పాత టైరు తీశాక రిమ్ము అంచుని చేత్తో తడిమి చూడండి. సముద్రం పక్క గాలికీ ఉప్పు నీళ్ళ బండ్ల వెనక తిరగడానికీ అల్లాయ్ మీద తెల్లటి పొడి, ఇనుప రిమ్ము మీద తుప్పు పడతాయి. దాన్ని గీకి శుభ్రం చేయకుండా కొత్త టైరు ఎక్కిస్తే ముల్లూ మేకూ లేకుండానే వారం వారం గాలి దిగుతుంది, పంక్చర్ ఎక్కడో ఎవరికీ దొరకదు. వాల్వులు కూడా కొత్తవే వేయించండి.

నట్లు గాలి గన్నుతో మొదలుపెట్టినా చివరి బిగింపు ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచితోనే, ఎదురెదురు నట్ల వరసలో జరగాలి. వంద కిలోమీటర్ల తరవాత మళ్ళీ ఒకసారి చూపించండి. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు రెండూ అదే రోజు చేయించాలి. గాలి మాత్రం డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదున్నంతే, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు పెట్టించండి. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చాక మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తే తీయించకండి.