ఎర్ర అంకెలను నమ్ముకుని పన్నెండేళ్లు

మేము సరుకులు తెచ్చుకునే కిరాణా కొట్టాయన ఏటా డిసెంబరులో ఒక పంచాంగం క్యాలెండరు చుట్టి చేతిలో పెడతాడు. పైసా ఖర్చు లేదు. కడపకు వచ్చి స్థిరపడిన ఈ పన్నెండేళ్లలో మా ప్రయాణాలన్నీ దాన్ని చూసే ఖాయం చేసుకున్నాం. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్నీ చిన్న గడిలో ఇరికించిన తీరు మెచ్చుకోదగ్గదే. అద్దాలు లేనిదే చదవలేకపోవడం అచ్చు తప్పో, నా వయసు తప్పో!

అయితే అది చెప్పేది సెలవు ఏ రోజన్నది మాత్రమే. ఆ రోజు ఏ ఊళ్లో ఏ ఆనవాయితీ ఉందో చెప్పదు. ఆ సంగతి నాకు ఒంటిమిట్టలో తెలిసొచ్చింది. శ్రీరామనవమి ఎర్ర అంకె చూసి, సీతారాముల కల్యాణం చూపిస్తానని వియ్యాలవారిని వెంటబెట్టుకుని వెళ్లాను. తీరా చూస్తే అక్కడ నవమి నాడు కల్యాణం లేదు! బ్రహ్మోత్సవాలు సాగి, పున్నమి దగ్గరపడ్డాక, రాత్రి వెన్నెల్లో చేస్తారు. "ఇంత దగ్గర ఊరి సంగతి తెలియదా అన్నయ్యగారూ?" అని వియ్యపురాలు నవ్వుతూనే అడిగారు. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పటినుంచి గడుల్లో నేనే రాసుకుంటున్నాను. ఉగాది గడిలో "దేవుని కడప, తెల్లవారకముందే" అని ఉంటుంది. ఆ రోజు వేంకటేశ్వరుడికి కొబ్బరికాయ కొట్టడానికి ముస్లింలు ఇంటిల్లిపాదీ వస్తారు. స్వామి దేవేరి బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు కాబట్టి స్వామి తమకు అల్లుడని వాళ్ల నమ్మకం. ఊరికి బంధువులు వస్తే ఆ వరుసలో నిలబెట్టడం నాకు సరదా. అదే ఉగాదికి శ్రీశైలం పెట్టుకోకండి. కన్నడ భక్తులు నల్లమల దాటి కాలినడకన చేరుకుంటారు. పండుగకు ముందు రోజుల్లోనే కొండ నిండిపోతుంది. క్యాలెండరులో మాత్రం అవన్నీ మామూలు నల్ల అంకెలే.

దసరా గడిలో "దేవరగట్టు వద్దు" అని ఉంటుంది. ఉత్సవ విగ్రహాల కోసం పల్లెలు కర్రలతో తలపడే ఆ రాత్రి, పిల్లలతో వెళ్లే చోటు కాదు.

మొహర్రం ఏటా పది నుంచి పన్నెండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో జూలై 29న వచ్చింది, 2025లో జూలై 6నే వచ్చేసింది. మొహర్రం పీర్ల ఉత్సవానికి అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి వెళ్లాలనుకుంటే అచ్చులో ఉన్న తేదీని పట్టుకుని బస్సెక్కకూడదు, నెలవంక కనబడేదాకా ఆగాలి. అధిక మాసం విషయంలో మాత్రం క్యాలెండరుకు పూర్తి మార్కులు. 2023లో రెండు శ్రావణాలు వచ్చినప్పుడు వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న అని స్పష్టంగా వేశారు. మా ఆవిడ పుట్టింటి ప్రయాణం ఆ ఒక్క గీతతో నిలబడింది.

రైలు రిజర్వేషను గడువును 2024 నవంబరులో 120 రోజుల నుంచి 60కి తగ్గించారు. అందుకే సంక్రాంతి ప్రయాణం కోసం నవంబరు రెండో వారంలో "టికెట్టు" అని రాసుకుంటున్నాను.

మొత్తమ్మీద ఈ క్యాలెండరుకు ఐదుకు మూడున్నర ఇస్తాను. నున్నటి కాగితం మీద పెన్ను ఆనదు, పెన్సిలే వాడాలి. జనవరి ఒకటిన పాత రాతలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాక, పాత కాగితాలు మనవరాలి పుస్తకాలకు అట్టలవుతాయి.