అగ్ని-5, అగ్ని ప్రైమ్: ఏది మేలు? కిలోమీటర్ల కంటే ముందు టన్నులు చూడాలి

హనుమకొండలో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులకు శాస్త్ర సాంకేతిక విభాగం బోధించే నన్ను, 2025లో వెంటవెంటనే జరిగిన రెండు క్షిపణి పరీక్షల తర్వాత, దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అదే ప్రశ్న అడుగుతున్నారు. ఆగస్టు 20న ఒడిశా తీరం నుంచి అగ్ని-5ను ప్రయోగించారు. సెప్టెంబరులో అగ్ని ప్రైమ్‌ను రైలు మీది లాంచర్ నుంచి ప్రయోగించారు. "ఐదు వేల కిలోమీటర్లు పోయేది చేతిల ఉండంగ, రెండు వేలు పోయేదాన్ని మళ్ల కొత్తగ చేసుడు ఎందుకు సార్?" అన్నది ఆ ప్రశ్న. దీనికి తోడు, అగ్ని-5 నిజానికి 8,000 కిలోమీటర్లు పోతుందని ఒక వీడియో, అగ్ని ప్రైమ్‌ను లోకంలో ఎవరూ అడ్డుకోలేరని మరొక వీడియో వాళ్ల ఫోన్లలో తిరుగుతున్నాయి. ఏది మేలు అన్నదాన్ని తేల్చాలంటే ముందు ఈ గొప్పల బరువు తూచాలి.

పరిధి సంగతిని మన ఊరి నుంచే మొదలుపెట్టవచ్చు. వరంగల్ నుంచి భూగోళం మీద నేరుగా గీత గీసి కొలిస్తే ఇస్లామాబాద్ సుమారు 1,860 కిలోమీటర్లు, కరాచీ సుమారు 1,500, బీజింగ్ సుమారు 4,300, షాంఘై సుమారు 4,450 కిలోమీటర్లు ఉంటాయి. అంటే 1,000 నుంచి 2,000 కిలోమీటర్ల పరిధి ఉందని ప్రకటించిన అగ్ని ప్రైమ్, దక్కన్ నడిబొడ్డున నిలబడి కూడా పడమటి దిక్కు పనిని పూర్తి చేయగలదు. ఉత్తర దిక్కున మాత్రం దానికి ఆ వీలు లేదు. అస్సాం నుంచి ప్రయోగించినా బీజింగ్ 2,300 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది కాబట్టి అది చేరదు. సరిహద్దుకు దూరంగా, దేశం లోపలి భాగంలో భద్రంగా ఉండి చైనా తూర్పు తీరాన్ని లెక్కలోకి తీసుకోగలగడం అగ్ని-5 ఒక్కదానికే సాధ్యమయ్యే పని, ఆ స్థానాన్ని అగ్ని ప్రైమ్ ఎప్పటికీ భర్తీ చేయలేదు. పరిధి ఒక్కటే కొలబద్ద అయితే పోటీ ఇక్కడే ముగిసిపోతుంది.

అయితే ఆ పరిధి అంకె ఎంతవరకు నమ్మదగినది? 2012 ఏప్రిల్ 19న అగ్ని-5ను మొదటిసారి పరీక్షించినప్పుడు దాన్ని తయారుచేసిన మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో 5,000 కిలోమీటర్లు అని చెప్పగా, చైనా సైనిక విజ్ఞాన అకాడమీకి చెందిన డు వెన్‌లాంగ్ అనే పరిశోధకుడు దాని అసలు పరిధి 8,000 కిలోమీటర్లని, ఇతర దేశాలు కంగారు పడకుండా భారత్ కావాలనే తగ్గించి చెబుతోందని అన్నాడు. ఆ మాట నేటికీ మన యూట్యూబ్ ఛానెళ్లకు పెట్టుబడిగా ఉపయోగపడుతోంది. ప్రత్యర్థి దేశం వాడే ఒప్పుకున్నాడు కదా అని మురిసిపోయే ముందు చిన్న లెక్క చేయాలి.

బాలిస్టిక్ క్షిపణి అంటే మోటారు ఆగిపోయిన తర్వాత విసిరిన రాయిలాగే పోతుంది కాబట్టి, మోటారు ఆగే క్షణానికి దానికి ఎంత వేగం అందిందన్నదే పరిధిని నిర్ణయిస్తుంది. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి, అతి తక్కువ శక్తితో పోయే మార్గాన్ని తీసుకుంటే, 2,000 కిలోమీటర్లకు సెకనుకు సుమారు 4.1 కిలోమీటర్ల వేగం, 5,000 కిలోమీటర్లకు సుమారు 5.9, 8,000 కిలోమీటర్లకు సుమారు 6.8 కిలోమీటర్ల వేగం కావాలి. దూరం 60 శాతం పెరగడానికి వేగం 16 శాతం పెరిగితే చాలన్నమాట. పైన మోసే బరువును తగ్గిస్తే, లేదా ఉక్కు కేసింగుల స్థానంలో తేలికైన కాంపోజిట్లు (మిశ్రమ పదార్థాలు) వాడితే, అదే క్షిపణి ఆ అదనపు వేగాన్ని అందుకోవడం అసాధ్యమేమీ కాదు. కాబట్టి 5,000 అన్నవాడూ 8,000 అన్నవాడూ ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు, కానీ ఎంత బరువు మోస్తూ అన్న సగం మాటను ఇద్దరూ మింగేశారు. టన్నులు చెప్పకుండా కిలోమీటర్లు చెప్పిన ఏ ప్రకటనకైనా సాంకేతికంగా విలువ తక్కువ. (పరీక్షలో బిట్ వస్తే మాత్రం ప్రభుత్వ అంకెనే గుర్తించండి, ఈ వాదన అక్కడ పనికిరాదు.) 2025 ఆగస్టు పరీక్ష తర్వాత రక్షణ శాఖ ఇచ్చిన ప్రకటన కూడా అగ్ని-5ను మధ్యంతర శ్రేణి (ఇంటర్మీడియట్ రేంజ్) క్షిపణి అనే పేర్కొంది. సాధారణంగా 5,500 కిలోమీటర్లు దాటిన వాటినే ఖండాంతర శ్రేణిలో లెక్కిస్తారు కాబట్టి, మన పత్రికల శీర్షికల కంటే ప్రభుత్వమే ఎక్కువ నిగ్రహం పాటించిందని చెప్పాలి.

ఇదే తూకం 2024 మార్చి 11న జరిగిన మిషన్ దివ్యాస్త్రకూ వర్తిస్తుంది. ఒకే అగ్ని-5 నుంచి వేర్వేరు లక్ష్యాల మీదికి వేర్వేరు శీర్షాలను (వార్‌హెడ్లను) విడవగల పరిజ్ఞానాన్ని ఆనాడు అబ్దుల్ కలాం దీవి నుంచి పరీక్షించారు. వివిధ టెలిమెట్రీ (క్షిపణి పంపే సంకేతాలను అందుకునే), రాడార్ కేంద్రాలు ఆ శీర్షాల గమనాన్ని అనుసరించాయని ప్రకటించారు గానీ, ఎన్ని శీర్షాలన్నది ప్రకటనలో లేదు. శీర్షాలు పెరిగినకొద్దీ వాటిని మోసి ఒక్కొక్కదాన్ని ఒక్కో దారిలో వదిలే వేదిక బరువు కూడా పెరుగుతుంది, ఆ మేరకు పరిధి తగ్గుతుంది. అందుకే 8,000 కిలోమీటర్ల పరిధినీ అరడజను శీర్షాలనూ ఒకే వాక్యంలో కలిపి చెప్పే వీడియోను అక్కడే ఆపేయవచ్చు. ఆ రెండింటిలో ఏదో ఒకటి నిజం కావచ్చు గానీ, సుమారు 50 టన్నుల అదే క్షిపణిలో రెండూ ఒకేసారి ఇమడటం నాకు నమ్మశక్యంగా కనిపించదు.

మోసే బరువు సంగతి అలా ఉంటే, అసలు నిర్ణయాత్మకమైనది క్షిపణి సొంత బరువు అని నా అభిప్రాయం. అణ్వాయుధాలను మనం ముందుగా ప్రయోగించబోమన్న విధానాన్ని 2003 జనవరి 4న భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం అధికారికంగా ప్రకటించింది. ఆ విధానానికి కట్టుబడిన దేశానికి అవతలివాడి మొదటి దెబ్బ తర్వాత కూడా మిగిలి ఉండే క్షిపణులు కావాలి. ఎంత దూరం పోతుందన్న ప్రశ్న ఆ తర్వాతనే వస్తుంది, ఎందుకంటే దాచలేని క్షిపణి ఎంత దూరం పోగలదైనా, శత్రువు లక్ష్యాల జాబితాలో మొదటి పేరుగానే ఉంటుంది. దాచడానికి కావలసినవి రెండు: అది ఎక్కడ ఉందో తెలియకుండా ఎప్పటికప్పుడు చోటు మారగలగాలి, ఆదేశం వచ్చిన తర్వాత సన్నాహాలకు పట్టే సమయం బాగా తగ్గాలి.

రెండో అంశంలో, అంటే సన్నాహాల సమయంలో, రెండు క్షిపణులూ సమానమే. అగ్ని-5ను 2015 జనవరి 31 నుంచి కెనిస్టర్‌లో పెట్టి ప్రయోగిస్తున్నారు, అగ్ని ప్రైమ్ 2021 జూన్ 28న జరిగిన మొదటి పరీక్ష నాటికే కెనిస్టర్ క్షిపణిగా వచ్చింది. మూసి ఉన్న గొట్టంలో దుమ్ము, తేమ తగలకుండా చాలా కాలం ఉండగలిగిన క్షిపణిని వాయు ఒత్తిడితో పైకి నెట్టి, బయటకు వచ్చిన తర్వాతే మోటారును మండిస్తారు. ఆరుబయట లాంచర్ మీద పడుకోబెట్టి తీసుకెళ్లే అగ్ని-1, అగ్ని-2లతో పోలిస్తే ఇది పెద్ద ముందడుగు. గొట్టంలో సీలు చేసిన క్షిపణికి అణు శీర్షాన్ని ముందే బిగించి ఉంచాలి కదా, అలాగైతే శీర్షాన్నీ క్షిపణినీ విడివిడిగా ఉంచే మన పాత పద్ధతి ఏమవుతుందన్న చర్చ కూడా ఇక్కడి నుంచే పుట్టింది. అది న్యాయమైన చర్చే గానీ ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి తోడ్పడదు.

తేడా అంతా మొదటి అంశంలో, అంటే చోటు మారగలగడంలో ఉంది. అగ్ని-5 ఒక్కటే సుమారు 50 టన్నులు, పొడవు 17.5 మీటర్లు. దానికి కెనిస్టర్, లేపి నిలబెట్టే యంత్రాంగం, మోసుకెళ్లే వాహనం కలిపితే మన రాష్ట్ర రహదారుల మీది వంతెనల్లో ఎన్నింటి మీదుగా దాన్ని తీసుకెళ్లగలమో ఇంజనీర్లు ముందే లెక్క వేసుకోవాలి. అగ్ని ప్రైమ్ అగ్ని-3 బరువులో సగమే ఉంటుందని దాని మొదటి పరీక్షప్పుడు అధికారులు చెప్పారు. అగ్ని-4, అగ్ని-5ల కోసం అభివృద్ధి చేసిన కాంపోజిట్లు, మోటార్లు, నావిగేషన్ వ్యవస్థలను చిన్న క్షిపణికి వాడటం వల్ల ఆ తేలికదనం వచ్చింది. కొత్తది పాతదానికంటే తక్కువ దూరం పోవడం వెనకడుగు కాదని పిల్లలకు నేను చెప్పేది ఇందుకే. పెద్ద క్షిపణి కోసం నేర్చుకున్న విద్యను చిన్నదానిలో పెట్టి, అగ్ని-1, అగ్ని-2ల పనిని అప్పగించబోతున్నారు.

రైలు ప్రయోగాన్ని కూడా ఈ కోణం నుంచే చూడాలి. కాజీపేట మీదుగా వెళ్లే సింగరేణి బొగ్గు రైలులో నాలుగు ఇరుసుల వ్యాగన్ నిండా నింపినప్పుడు మొత్తం బరువు దాదాపు 90 టన్నుల వరకు ఉంటుంది. బల్లార్షా, సికింద్రాబాద్, విజయవాడ వైపుల లైన్లు కలిసే ఆ జంక్షన్ గుండా రాత్రింబవళ్లు అలాంటి రైళ్లు పోతూనే ఉంటాయి. అగ్ని ప్రైమ్, దాని గొట్టం, లాంచర్ ఆ పరిమితిలో ఇమిడిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, బయటికి అదీ మామూలు వ్యాగన్‌లాగే కనిపించగలదు. అగ్ని-5కు అంతకంటే ఎక్కువ ఇరుసులున్న ప్రత్యేక వాహనం కావాలి, అలాంటి వాహనం ఉపగ్రహ చిత్రంలో తన గుట్టు తానే విప్పుతుంది. సోవియట్ యూనియన్ 1980ల చివర రైళ్లలో మోహరించిన మొలొదెత్స్ క్షిపణి ఒక్కొక్కటి 100 టన్నులు దాటేది. ఆ భారానికి వ్యాగన్లనూ పట్టాలనూ ప్రత్యేకంగా చూసుకోవాల్సి వచ్చేది.

రైలు విషయంలో చేసిన ప్రకటనల్లో రెండింటిని కొంచెం నిదానించి చదవాలి. మొదటిది, ఇలాంటిది ఇదే తొలిసారి అన్న మాట. 1999 ఏప్రిల్ 11న అగ్ని-2 మొదటి పరీక్షను కూడా రైలు పెట్టె మీద నుంచే చేశారు. ఇప్పుడు కొత్తగా చేరింది కెనిస్టర్‌తో రైలు మీది నుంచి ప్రయోగించడం, అది తక్కువ విషయమేమీ కాదు. రెండోది, ముందస్తు షరతులేవీ లేకుండా రైలు మార్గాల్లో దేశమంతా తిరగగలదన్నది. మన బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపు అన్నీ విద్యుదీకరణ అయిపోయాయి. పైన 25,000 వోల్టుల తీగ వేలాడుతుండగా గొట్టాన్ని నిటారుగా లేపలేరు. తీగను పక్కకు తప్పించే పరికరం సోవియట్ రైళ్లకు ఉండేది. అలాంటి ఏర్పాటుతోనో, తీగ లేని సైడింగుల్లోనో (పక్క లైన్లలోనో) ప్రయోగించాలి కాబట్టి, ఎక్కడంటే అక్కడ ఆగి ప్రయోగిస్తారన్న ఊహకు కొంత కత్తెర వేసుకోవాలి.

గురి విషయంలో వినిపించే గొప్పలను నేను పక్కన పెడతాను. 2023 జూన్ 7న రాత్రివేళ అగ్ని ప్రైమ్‌ను ప్రయోగించినప్పుడు, లక్ష్యం దగ్గర మోహరించిన రెండు నౌకల సహా పలుచోట్ల రాడార్లు, టెలిమెట్రీ, ఎలక్ట్రో ఆప్టికల్ పరికరాలతో గమనాన్ని నమోదు చేశారు. ఆ సమాచారం చూసినవారే గురి గురించి మాట్లాడటానికి అర్హులు, మనకు అందేది ప్రకటన మాత్రమే. చివరి దశలో దారి మార్చుకునే శీర్షం దీనికి ఉందన్న వార్తలను కాదనలేను గానీ, దారి మార్చుకోగలగడానికీ ఎవరూ అడ్డుకోలేకపోవడానికీ మధ్య చాలా దూరం ఉంది.

మిగతావాటి గురించి కూడా అడుగుతుంటారు. అగ్ని-4 పరిధి 4,000 కిలోమీటర్లు. 2011 నవంబరు 15న విజయవంతంగా పరీక్షించిన ఆ క్షిపణి, అగ్ని-5 వచ్చిన తర్వాత చర్చలో వెనకబడిపోయింది. ప్రళయ్ 150 నుంచి 500 కిలోమీటర్ల పరిధి గల, అణ్వస్త్రేతర యుద్ధానికి ఉద్దేశించిన క్షిపణి కాబట్టి దాన్ని వీటితో పోల్చడమే సరికాదు.

చైనా తూర్పు తీరం లెక్కలో ఉన్నంతకాలం అగ్ని-5 లేకుండా గడవదు, ఆ మాటలో సందేహం లేదు. కానీ తర్వాతి నూరు రూపాయలను దేనిమీద ఖర్చు చేయాలని నన్ను అడిగితే అగ్ని ప్రైమ్ వైపే చూపిస్తాను. ఎక్కువ సంఖ్యలో తయారుచేసి, ఎక్కువ చోట్ల చెదరగొట్టి ఉంచగలిగేది అదే. విద్యుత్ తీగలున్న మామూలు లైను మీద నుంచి ఒక ప్రయోగం, కొద్ది నిమిషాల తేడాతో వరుసగా రెండు ప్రయోగాలు ఇక ముందు చేసి చూపిస్తే ఈ అభిప్రాయం మరింత గట్టిపడుతుంది. అగ్ని-5 బరువు బాగా తగ్గిందని, దాన్ని కూడా రైలు మీదికి ఎక్కించారని ప్రకటన వచ్చిన రోజున మాత్రం ఈ తూకాన్ని మళ్లీ మొదటి నుంచి వేయాల్సి ఉంటుంది.