ఫోటోషాప్, గింప్, కాన్వా: తెలుగు పోస్టర్లు నేర్చుకోవడానికి ఏది మేలు?

డిగ్రీ పిల్లలు, బడి టీచర్లు, ఊళ్లో చిన్న డిజైన్ షాపు పెట్టుకుందామనుకునేవాళ్లు, అందరూ అడిగేది ఒకటే. "ఫోటో ఎడిటింగ్ నేర్చుకోవాలి, ఫోటోషాప్ తప్పదా, కాన్వా చాలదా?" ఈమధ్య మా అక్క కూతురికి నేర్పాల్సి వచ్చి నేనూ ఇదే ఆలోచించాను. చివరికి ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌తో మొదలుపెట్టించాను.

లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు), మాస్కులు (పొరలో కొంత భాగాన్ని దాచే తెర), కర్వ్స్ (వెలుగు, రంగు సర్దే గీత) లాంటి పునాదుల విషయంలో కొత్తవాళ్లకు ఫోటోషాప్‌కీ గింప్‌కీ పెద్ద తేడా తెలియదు. ఫిల్టర్ వేశాక మళ్లీ వెనక్కొచ్చి మార్చుకునే వీలు లేదని గింప్ మీద ఒక ఫిర్యాదు ఉండేది. 2025లో 3.0 వెర్షన్ వచ్చాక అదీ తీరింది. నా దృష్టిలో అసలు తేల్చేది తెలుగు అక్షరం. మన పోస్టర్‌లో బొమ్మ ఎంత బాగున్నా ఒక్క ఒత్తు చెదిరితే చూసేవాళ్ల కన్ను అక్కడికే పోతుంది.

గింప్‌లో రామభద్ర ఫాంటు పెట్టి "రాష్ట్రస్థాయి పోటీలు" అని కొట్టండి. ఒత్తులు వాటి చోట అవే కూర్చుంటాయి, ఏ సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు. అదే మాట పాత ఫోటోషాప్‌లో కొడితే "రాష్‌ట్‌రస్‌థాయి" అని పొల్లులతో విడిపోతుంది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ పెడితే సర్దుకుంటుంది. ఇది తెలియకే చాలామంది "ఫోటోషాప్‌లో యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌లో అంతటా వాడే అక్షర పద్ధతి) రాదు" అనుకుని 'అను' అనే డీటీపీ తెలుగు ఫాంట్ల వైపు వెళ్తారు. అను అక్షరాలు అందమైనవే, డీటీపీ షాపుల్లో ఇప్పటికీ వాటిదే రాజ్యం. కానీ అవి యూనికోడ్ కావు. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన మేటర్‌ను నేరుగా పేస్ట్ చేయలేం. కన్వర్టర్‌లో వేసి, మళ్లీ మొదటినుంచీ ప్రూఫ్ చూసుకోవాలి. ఈరోజు కొత్తగా నేర్చుకునే పిల్లకు ఆ బరువెందుకు? రామభద్ర, మండలి, రామరాజ, సూరన్న లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

ఏది వాడినా వరసల మధ్య దూరం మాత్రం చేత్తో సరిచేసుకోవాలి. ఫోటోషాప్ తనంతట తాను పెట్టే వరస దూరం (ఆటో లీడింగ్) అక్షర సైజులో 120 శాతం. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. మనకు పై వరసలో "స్త్రీ" ఉంటే కింది ఒత్తులు తర్వాతి వరసలోని గుడుల మీద పడతాయి. నేను 150 దగ్గర మొదలుపెట్టి, ఫాంటును బట్టి తగ్గించుకుంటూ వస్తాను. అలాగే అక్షరాల మధ్య దూరం (ట్రాకింగ్) పెంచే అలవాటు మానాలి, తెలుగు మాట ముక్కలైపోతుంది.

ఫోటోషాప్ బలం వేరే చోట ఉంది. పెళ్లి ఆల్బమ్ పని అంతా ఫోటోషాప్ సొంత ఫార్మాట్ అయిన పీఎస్‌డీ ఫైళ్ల మీదే నడుస్తుంది. పత్రికల్లో, యాడ్ ఏజెన్సీల్లో ఉద్యోగానికి వెళ్తే మొదట అడిగేది అదే. ప్రింటుకు కావలసిన సీఎంవైకే (నాలుగు ఇంకుల రంగు పద్ధతి) మోడ్‌లోనే పని చేసుకోవచ్చు. గింప్‌లో ఆ సౌకర్యం పూర్తిగా లేదు. జుట్టు చుట్టూ సెలెక్షన్ తీయడంలోనూ ఫోటోషాప్‌దే పైచేయి. కాకపోతే నెలనెలా చందా కట్టాలి. నేర్చుకునే దశలోనే అది కట్టడం దండగ. క్రాక్ వెర్షన్ జోలికి అసలు వెళ్లొద్దు, వైరస్ టెన్షన్ ఒకటి తోడవుతుంది.

కాన్వాలో సాయంత్రానికి పోస్టర్ తయారవుతుంది, నిజమే. బడి వార్షికోత్సవానికి ఒక్క ఆహ్వానం కావాలంటే అదే వాడండి. కానీ అక్కడ టెంప్లేటులో మాటలు మార్చడం వస్తుంది, ఎడిటింగ్ రాదు. మీ సొంత తెలుగు ఫాంటు అప్‌లోడ్ చేయాలంటే డబ్బు కట్టాలి.

కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయలేనివాళ్లకు బ్రౌజర్‌లో నడిచే ఫోటోపీ ఉంది, పీఎస్‌డీ ఫైళ్లు కూడా తెరుస్తుంది. ఫోన్ ఒక్కటే ఉంటే పిక్సెల్‌ల్యాబ్ యాప్. పుట్టినరోజు బ్యానర్లకు అది చాలు.