స్పేషియల్‌రెగ్ ప్యాకేజీ: ఇంజన్ అదుర్స్, ఎర్రర్ మెసేజ్‌లే తలనొప్పి

పక్కపక్క ప్రాంతాల ఇళ్ల ధరలో, నిరుద్యోగమో ఒకదాన్నొకటి లాగుతున్నాయని అనుమానమా? ఆర్ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష) వాడేవాళ్లయితే వేరే వెతుక్కోనక్కర్లేదు, ఈ స్పేషియల్‌రెగ్ ప్యాకేజీనే పెట్టుకోండి, ఉచితం కూడా.

మామూలు రిగ్రెషన్ వేసి, రెసిడ్యువల్స్ (అసలు విలువకీ మోడల్ అంచనాకీ తేడా) మీద మోరాన్స్ ఐ (పక్కపక్క ప్రాంతాల విలువలు ఎంత పోలి ఉన్నాయో చెప్పే కొలత) చూసి, లాగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్టులతో లాగ్ మోడలా (పొరుగు ఫలితమే ఇక్కడి ఫలితాన్ని లాగేది) ఎర్రర్ మోడలా (మోడల్లో లేని కారణాలు పొరుగుతో ముడిపడేది) తేల్చుకోవడం పాత దారి (ఈ టెస్టులు ఎస్‌పీడెప్ అనే తోడు ప్యాకేజీలో ఉంటాయి, రెండు ప్యాకేజీలూ కలిపే వాడాలి). లాగ్, ఎర్రర్ రెండు టెస్టులూ సిగ్నిఫికెంట్ (కాకతాళీయం కాదు) అంటే, తరచూ అదే గోల, రోబస్ట్ వెర్షన్లు (ఒకదాని ప్రభావం తీసేసి రెండోదాన్ని చూసేవి) చూడాలి. నాకైతే డర్బిన్ మోడల్‌తో (పొరుగు ఫలితంతో పాటు పొరుగు కారణాలనీ కలుపుకునేది) మొదలుపెట్టి, లైక్లీహుడ్ రేషియో టెస్టుతో (పెద్ద మోడల్ కావాలా, చిన్నది చాలా అని పోల్చేది) కిందికి తగ్గించుకుంటూ రావడమే నచ్చింది, ఎందుకంటే లాగ్, ఎర్రర్ రెండూ దాని ప్రత్యేక రూపాలే.

అసలు డబ్బులిచ్చి కొన్నా తప్పులేదనిపించేది ఇంపాక్ట్స్ ఫంక్షన్. లాగ్ మోడల్లో కోఎఫిషియెంట్‌నే (మోడల్ ఇచ్చే గుణకం) ప్రభావం అనుకుని రిపోర్టులో రాసేసేవాళ్లు ఎంతమందో! పొరుగు నుంచి తిరిగొచ్చే ప్రభావం అందులో ఉండదు కదా. ఇది ప్రత్యక్ష, పరోక్ష, మొత్తం ప్రభావాలు విడివిడిగా ఇస్తుంది.

చిరాకులు: 2019లో ఈ ఫంక్షన్లు ఎస్‌పీడెప్ నుంచి ఇటు మారాయి, పాత ట్యుటోరియల్ కోడ్ అతికిస్తే ఎర్రరే. డేటా పెద్దదైతే డిఫాల్ట్ ఐగెన్ పద్ధతి నత్తనడక, స్పార్స్ మ్యాట్రిక్స్ (సున్నాలు వదిలేసి లెక్కించే) ఆప్షన్ పెట్టండి. పొరుగే లేని దీవిలాంటి ప్రాంతం ఒక్కటున్నా ఆగిపోతుంది, జీరో పాలసీ ట్రూ (పొరుగు లేకున్నా ఫర్వాలేదు) అని చెప్పాలి. 5కి 4 స్టార్లు.